విమానాల మిట్ట మీది దయ్యం

దయ్యమైనా సరే, ఒక్కసారి కళ్ళారా చూడాలనుకుంది నాగరత్న. ఆ మాట పైకి అంటే అత్తగారు వనజమ్మ ఊరుకోదని తెలుసు. అయినా అనేసింది.

వాళ్ళ ఊరు కెంచార్లహళ్ళి పక్కనున్న మిట్ట మీద ఇప్పుడు మళ్ళీ ఉలవలే పండుతున్నాయి గానీ, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సర్కారు దాన్ని తీసుకుని, కంకర పోసి, రోలరు దొర్లించి, విమానాలు దిగడానికి బాట వేసింది. రేకుల షెడ్లు లేచాయి. దొరలు దిగారు. దొరలు దిగిన చోట దయ్యాలు దిగకుండా ఉంటాయా? కూలిన విమానంలో చచ్చిన తెల్లవాడు తల చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడని ఒకరు, ఇంజను దానంతటదే మోగుతోందని ఇంకొకరు. అక్కడ ఒక్క విమానమూ కూలలేదన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఈ కబుర్లకు నాగరత్న ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళే. మిట్ట మీద కంకర మోసే పిళ్ళప్ప ఒకనాడు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాక నవ్వులు ఆగిపోయాయి.

“పొద్దు గుంకేటప్పుడు కంచె కాడ నిలబడుకోని మన ఊరి పక్కే చూస్తా ఉంటాదమ్మా. మొగం...” అని నసిగాడు. “మన చిన్నసామి మాదిరే ఉండాది.”

చిన్నసామి అంటే నాగరత్న భర్త మురళీధర. రంగూన్‌లో గుమాస్తాగా ఉండేవాడు. జపాను వాళ్ళు బాంబులు వేసినప్పుడు అతనున్న ఇల్లు కూలడం చూశానని శిడ్లఘట్ట పట్టు వ్యాపారి ఒకడు వచ్చి చెప్పాడు. శవం లేదు కనుక, ఊరి గుడి పూజారి అయిన తండ్రి చిదంబరశాస్త్రి దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికే దహనం చేసి, కర్మలన్నీ జరిపించాడు. నాగరత్న గాజులు తీసేశారు. వనజమ్మ అడ్డుపడబట్టి జుట్టు మాత్రం మిగిలింది.

పిళ్ళప్ప మాట విన్నప్పటినుంచి శాస్త్రికి అన్నం సయించలేదు. ఎక్కడో మంత్రం తప్పాను, కొడుక్కి గతి లేకుండా చేశాను అని కుమిలిపోయాడు. నాగరత్నకు గతుల సంగతి పట్టలేదు. ఆయన ఆకలితో నిలబడి ఉన్నాడేమోనన్నదే ఆమె దిగులు. చివరికి వనజమ్మే మెత్తబడింది.

దయ్యానికి ఉప్పు గిట్టదంటారు. అందుకని ఉప్పు లేకుండా పెరుగన్నం కలిపి, మోదుగాకులో కట్టుకుని, పొద్దు వాలే వేళకు అత్తాకోడళ్ళు కంచె దగ్గరికి వెళ్ళారు. ఆకు పెట్టాక వెనక్కి చూడొద్దని వనజమ్మ గట్టిగా చెప్పింది. నాగరత్న చూసింది.

మురళీధరే. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. కంచె కిందుగా చెయ్యి చాపి ఆకు అందుకుని, నిలబడే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు.

“ఉప్పు వెయ్యలేదే, నాగూ.”

నాగరత్న కూలబడిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. “దయ్యం ఉప్పడగదు అత్తా, బతికే ఉండారు” అంటూ తలెత్తేసరికి, వనజమ్మ ముళ్ళు కూడా చూసుకోకుండా చెయ్యి దూర్చి కొడుకు చెంప పట్టుకుని ఉంది.

అడవులు దాటి అస్సాం చేరి, జ్వరంతో ఆస్పత్రిలో పడి, లేచాక విమానాల సామాను చూసే పనిలో చేరాడట. ఆ పనే అతన్ని ఈ మిట్టకు తెచ్చింది. చింతామణిలో బస్సు దిగి ఇంటి సంగతి అడిగితే, ఆ ఇంటి కొడుకు పోయి కర్మలు కూడా అయిపోయాయి కదా అన్నారు.

“కర్మ అయినోడు గడప తొక్కితే ఇంటికి అరిష్టం కదమ్మా. నాయనకు గుడి పూజ కూడా పోతాదని భయపడినా” అన్నాడు.

మరునాడు సెలవు పెట్టి వచ్చిన కొడుకును చూసి శాస్త్రి వాకిట్లోనే చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆడే నిలబడు. గడప తొక్కొద్దు.” ఆయన లోపలికి వెళ్ళి నేతి గిన్నెతో తిరిగి వచ్చాడు. ముఖం తేటగా ఉంది.

“సచ్చినోడు రాకూడదు. పుట్టినోడు రావచ్చు. దీనికీ శాస్త్రం ఉండాది.”

నేతితో స్నానం చేయించి, నాలుకకు తేనె రాసి, చెవిలో మళ్ళీ పేరు చెప్పాడు. “గడ్డంతో పుట్టిన బిడ్డను ఇప్పుడే చూస్తాండా సామీ” అన్నాడు పిళ్ళప్ప. శాస్త్రి మంత్రం మధ్యలోనే ఫక్కున నవ్వాడు. ఆయన నవ్వగా ఆ ఇల్లు విని చాలా కాలమైంది.

పురుడూ, నామకరణమూ, ఒడుగూ అయ్యాక ఇక పెళ్ళి. శాస్త్రి తాళి పళ్ళెంలో పెట్టుకుని కోడలి ముందు ఆగాడు.

“అమ్మా, ఇతను ఇప్పుడు కొత్త మనిషి. పాత పెండ్లి చెల్లదు. నీకు ఇష్టమైతేనే.”

ఎనిమిదో ఏట జరిగిన పెళ్ళిలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. నాగరత్న కళ్ళు తుడుచుకుని మామగారి వైపు చూసింది.

“అప్పుడు మేనమామ తొడ మీద నిద్రపోతా ఉంటి మామా. ఈ తూరి మేలుకోనే ఉండా. కట్టమనండి.”