పెడచెవి

వీధిలో అందరూ ఆయన్ని తూకాలాయన అంటారు. ముప్పై మూడేళ్ళు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేశాడు కనక ఆ పేరు. ఆయన ఉద్యోగం వదిలి నాలుగేళ్ళయినా ఉద్యోగం మాత్రం ఆయన్ని వదల్లేదు. పాల ప్యాకెట్టు చేతికిస్తే ఒకసారి పైకీ కిందికీ ఆడించి చూస్తాడు. ఎదుటివాడు నవ్వితే ఎందుకు నవ్వాడా అని ఆలోచిస్తాడు, నవ్వకపోతే ఏం దాస్తున్నాడా అని ఆలోచిస్తాడు. అనుమానం జబ్బని లోకం అనుకుంటుంది గానీ, ఆయన లెక్కలో అదొక చదువు. తాను అందులో ఫస్టుక్లాసు.

అలాంటి మనిషికి ఒక సాయంత్రం భార్య టీవీకి అడ్డంగా వచ్చి నిలబడి ఒక సలహా ఇచ్చింది.

"ఏమండీ, మీరు హెడ్‌ఫోన్లు కొనుక్కోండి. ఈ హోరు నావల్ల కావడం లేదు. పైవాటా లెక్చరరు గారు ఇప్పటికి రెండుసార్లు దిగొచ్చి వెళ్ళారు."

"నా చెవులు మూయించాలని నీకెందుకు అంత ఆత్రం?"

"మూసినా తెరిచినా నాకొకటేలెండి. నా మాట ఎలాగూ పెడచెవినే పెడతారు."

పెడచెవి అన్న మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ముప్పయ్యేళ్ళ పైచిలుకు కాపురంలో ఆవిడ ఆయన్ని పిసినారి అంది, మొండి అంది, ఒకసారి కోపంలో గాడిద అని కూడా అంది. అవేవీ ఆయన పట్టించుకోలేదు. ఈ మాట మాత్రం ఈ ఏడాదే మొదలైంది, వారానికి రెండుసార్లు వస్తోంది. కొత్తగా వచ్చిన మాటకు కొత్త కారణం ఉండి తీరాలి.

నిజానికి ఆయన అనుమానం హెడ్‌ఫోన్లతో మొదలవలేదు. కొన్నాళ్ళుగా ఆవిడ తీరే మారింది. ఎప్పుడూ ఏదో ఒకటి "చెప్పానుగా" అంటుంది. ఆయనకు చెప్పిన జ్ఞాపకం ఉండదు. పొరుగూళ్ళో ఉన్న చెల్లెలితో పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వారగా వేసుకుని ఫోన్లో మాట్లాడుతుంది. మొన్న చెప్పులు వెతుక్కుంటూ వంగి చూస్తే మంచం కింద సర్దిపెట్టిన సంచి కనిపించింది. పైన ఆవిడ బట్టలూ, కొత్త తువ్వాలూ ఉన్నాయి. అడుగున ఏముందో తడిమి చూసేంత దిగజారలేదాయన. కానీ చూసిందే చాలింది. తనను వదిలి వెళ్ళిపోవడానికే ఆవిడ సిద్ధపడుతోందని అనుకున్నాడు. అడిగేస్తే తేలిపోతుంది. తేలిపోతుందనే అడగలేదు.

అడగలేని మనిషి రాసుకున్నాడు. తనిఖీల రోజుల్లో మిగిలిన ఒక నోటుపుస్తకం తీసి, పాత అలవాటు ప్రకారం, ఆవిడ చెప్పానంటున్న తేదీ, సమయం, స్థలం, విషయం అని గళ్ళు గీశాడు. "పన్నెండో తేదీ. సాయంత్రం ఆరున్నర. సోఫా. కుళాయి బాగుచేసే మనిషి వస్తాడని అప్పుడే చెప్పానంటోంది. చెప్పలేదు." ఇలాంటివి పదకొండు పోగయ్యాయి. పెళ్ళాం మీద ఇలా పుస్తకం రాసుకునే మొగుణ్ణి ఏమనాలో చదివేవాళ్ళే నిర్ణయించుకోవచ్చు.

ఇక హెడ్‌ఫోన్లు. నా చెవులు మూయించి నువ్వేం మాట్లాడుకుంటావో చూస్తాను అనే పంతంతోనే ఆయన కొనడానికి బయల్దేరాడు. పెన్షన్లో పదో వంతు దాటి పైసా పెట్టకూడదని ఇంట్లోనే గట్టిగా అనుకున్నాడు. చొక్కా జేబులో అరచేతిలో పట్టే చిన్న తూకం యంత్రం పెట్టుకున్నాడు.

బజారు చివర రేడియోలూ మిక్సీలూ బాగుచేసే కొట్టు ఉంది. కొట్టావిడ నలభై దాటిన మనిషి. నుదుటి మీదికి భూతద్దం తోసుకుని, ఏదో తీగకు టంకం వేస్తూ తలెత్తింది.

"టీవీకా సార్, ఫోన్‌కా?"

"టీవీకి. రోజూ మూడు గంటలు."

"అయితే చెవిలోకి దూరేవి వద్దు. చెవి మీద ఆనేవీ వద్దు, గంటకే నొప్పి పెడతాయి. చెవి మొత్తాన్నీ చుట్టూ కప్పి కూర్చునేవి తీసుకోండి."

"అవి ఖరీదు కదా, అందుకే చెప్తున్నావు."

"ఖరీదైనవి ఆ పైఅరలో ఉన్నాయి. నేను కింద అరలోవి చూపిస్తున్నాను."

ఆయన కళ్ళు చిన్నవి చేసుకుని చూశాడు. చౌకది చూపించే అమ్మకందారు మరీ ప్రమాదం. "వైరు లేనివి లేవా?" అన్నాడు, ఉచ్చు బిగిస్తున్నట్టు.

"ఉన్నాయి. కానీ ఈ ధరలో వచ్చేవాటికి బొమ్మ ముందు, మాట తర్వాత. తెర మీదవాడు నోరు మూసుకున్నాక మీకు డైలాగు వినిపిస్తుంది. ఇంట్లో కదలకుండా కూర్చుని చూసేవాళ్ళకి పొడుగు వైరుదే నయం. మెత్తలు పాడైతే అవొక్కటే మార్చుకోవచ్చో లేదో చూసుకోండి, రెండేళ్ళు ఎక్కువొస్తాయి."

ఆయన ఒక్కోటీ తలకు పెట్టుకుని చూశాడు. ఒకటి కళ్ళద్దాల కాడల్ని కణతల్లోకి నొక్కింది. ఇంకొకటి తల వంచితే జారి మెడలో పడింది. మూడోది బాగుంది. నమ్మకం కుదరక దాన్ని పెట్టుకుని అరగంట సేపు కొట్లోనే అటూ ఇటూ తిరిగాడు. వచ్చినవాళ్ళంతా ఆయన్ని తప్పుకుని నడిచారు. ఆఖరికి జేబులోంచి యంత్రం తీసి తూచాడు. అట్టపెట్టె మీద రెండు వందల ఇరవై గ్రాములని ఉంటే, యంత్రం రెండు వందల ఇరవై మూడు చూపించింది.

"మూడు గ్రాములు తేడా."

"ఆ మూడు గ్రాములూ నేను ఊరికే ఇచ్చాననుకోండి సార్. నచ్చకపోతే తెచ్చేయండి, వేరేది ఇస్తాను."

ఇంటికొచ్చి టీవీకి తగిలించాడు. కుడివైపు మాట గంట కొట్టినట్టు వినిపించింది. ఎడమవైపు అదే మాట దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది. ఆయనకు కోపం రావాలి, కానీ చాలా రోజులకు హాయిగా అనిపించింది. దొరికింది దొంగ.

మర్నాడు పట్టుకెళ్ళాడు. కొట్టావిడ తన తలకు పెట్టుకుని విని, "నాకు సమంగానే ఉంది" అంది. అయినా మార్చి ఇచ్చింది. రెండోదానికీ ఎడమే తక్కువ. దాన్నీ మార్చి, వేరే కంపెనీది ఇచ్చింది. దానికీ ఎడమే తక్కువ. రెండు కంపెనీలు, మూడు పెట్టెలు, ఒకే లోపం. అంటే లోపమున్న సరుకంతా ఒకచోట పోగేసి అమాయకులకు అంటగడుతున్నారన్నమాట. తన చెవిలో పువ్వులు పెట్టాలని చూస్తున్నారన్నమాట. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని వినియోగదారుల ఫోరానికి నాలుగు పేజీల ఫిర్యాదు రాశాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

ఆ సాయంత్రమే అసలు సంగతి జరిగింది. భార్య ఫోను తీసుకుని పడగ్గదిలోకి వెళ్ళింది. ఆ గది సోఫాకు కుడిచేతివైపు. ఆయన టీవీ మాట ఆపేసి, బొమ్మ మాత్రం ఆడనిచ్చి, హెడ్‌ఫోన్లు తీయకుండానే కుడి మెత్తను చెవి వెనక్కి తోసి, చెవి రిక్కించాడు.

"చెప్పాను. మూడుసార్లు చెప్పాను," అంటోంది ఆవిడ చెల్లెలితో. "ఆయన నోరు మెదపలేదే. టీవీ చూస్తూ కూర్చున్నారు. ఎన్నిసార్లని దేబిరించను? మంగళవారం పొద్దున బస్సుకి నేనొక్కదాన్నే వచ్చేస్తాను."

ఆయన మెత్తను మళ్ళీ చెవి మీదికి లాక్కున్నాడు. వెళ్ళిపోతోంది. వెళ్ళిపోతూ కూడా, చెప్పానని తోడబుట్టినదాని దగ్గర అబద్ధమాడుతోంది. మూడుసార్లు చెప్పిందట! ఒక్కసారి చెప్పి ఉంటే కాళ్ళు పట్టుకునైనా ఆపేవాడు. ఆవిడ గదిలోంచి వచ్చి, రోజూ కూర్చునే చోటే కూర్చుని, ఆయన కోటుకు బొత్తాం కుట్టసాగింది. ఆయన తెర మీది మూగ బొమ్మల్ని చూస్తూ ఉండిపోయాడు. అడుగుదామని నోటిదాకా వచ్చింది. భయం వేసింది. ఇంట్లో అడగలేని మనిషికి బజార్లో దెబ్బలాట ఎంత సుఖమో అనుభవించిన వాళ్ళకే తెలుసు. సోమవారం కొట్టు తెరవకముందే గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"మూడోదీ అంతే," అంటూ ఫిర్యాదు కాగితాలు బల్ల మీద పెట్టాడు. "ఇవి ఇవాళ పోస్టులో పడతాయి. నీ కొట్టు సంగతి పైవాళ్ళే తేలుస్తారు."

కొట్టావిడ నాలుగు పేజీలూ ఓపిగ్గా చదివింది. భూతద్దం తీసి పక్కన పెట్టింది.

"సార్, మా నాన్న మీకు గుర్తున్నాడా? ఆ మూల మీద ధాన్యం కొట్టుండేది. నాకప్పుడు పదేళ్ళు. మీరు తనిఖీకొచ్చారు. త్రాసు ఒకవైపు ఒరిగింది. దొంగ త్రాసని బజారంతా గుమిగూడారు. మా నాన్న ఏడ్చేశాడు."

ఆయనకు గుర్తు రాలేదు. అలా ఏడ్చినవాళ్ళు చాలామంది.

"మీరు కేసు రాయబోతూ ఆగారు. రెండు పళ్ళేలూ విప్పి అటుదిటు, ఇటుదటు తగిలించారు. తేడా పళ్ళెంతో పాటు వెళితే పళ్ళెం తప్పు, ఉన్నవైపే ఉండిపోతే పళ్ళేలు వేలాడే కాడ తప్పు అని మా నాన్నకి వివరంగా చెప్పారు. ఉన్నవైపే ఉండిపోయింది. కాడ వంగింది, మోసం కాదు, బాగుచేయించుకో అని వెళ్ళిపోయారు. ఆ మాట మా నాన్న పోయేదాకా చెప్పుకున్నాడు."

ఆవిడ హెడ్‌ఫోన్లను టేప్‌రికార్డరుకు తగిలించి, వెనక్కి తిప్పి పట్టుకుంది.

"ఇవి మీరు మార్చి చూశారా సార్? తల కదపకండి."

ఎడమది కుడిచెవికీ, కుడిది ఎడమచెవికీ వచ్చేలా పెట్టింది. పాట మొదలైంది. కుడివైపు గంట కొట్టినట్టు. ఎడమవైపు దుప్పటి కప్పుకున్నట్టు.

ఆయన తీసి, తిప్పి పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి, మళ్ళీ తిప్పాడు. నాలుగుసార్లు మార్చాడు. ముప్పై మూడేళ్ళలో కొన్ని వేల త్రాసులకు చేసిన పని ఒక్కసారి కూడా తన తలకు చేసుకోవాలని తట్టలేదు.

"కాడ," అన్నాడు చివరికి, నెమ్మదిగా.

"చెవి డాక్టరుకి చూపించుకోండి సార్. ఒక్కోసారి గుబిలి పేరుకున్నా అంతే. భయపడాల్సిందేం ఉండదు."

ఆయన కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. క్షమించమనడం ఆయనకు అలవాటు లేదు. "సరుకు మంచిదే అమ్మా," అని మాత్రం అని బయటికొచ్చాడు.

దార్లో బస్టాపు బల్ల మీద కూలబడి నోటుపుస్తకం తెరిచాడు. విషయం గడి వదిలేసి స్థలం గడి చదివాడు. సోఫా. సోఫా. సోఫా. పదకొండు చోట్లా సోఫానే. సోఫాలో ఆవిడ ఎప్పుడూ ఆయనకు ఎడమపక్కనే కూర్చుంటుంది. కిటికీ వెలుతురు అటు పడుతుందని, కుట్టుపనికి కళ్ళు లాగవని. వంటింట్లో చెప్పినవి, గుమ్మంలో నిలబడి చెప్పినవి, టీవీకి అడ్డం వచ్చి చెప్పినవి ఒక్కటి కూడా పుస్తకంలో లేవు. ఆవిడ ఈ ఏడాదిగా అంటున్న మాట నింద కాదు, అక్షరాలా నిజం. పాపం ఆవిడ ప్రతి మాటనూ తీసుకొచ్చి పెడచెవినే పెట్టింది.

ఇంటికొచ్చేసరికి ఆవిడ అదే చోట కూర్చుని, బొత్తాం పని ముగించి దారం కొరుకుతోంది. ఆయన హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, వెళ్ళి కిటికీ పక్కన, ఆవిడకు అవతలివైపు ఇరుక్కుని కూర్చున్నాడు.

"అది నా చోటు. వెలుతురు అడ్డొస్తోంది," అంది ఆవిడ.

"కాస్త జరుగు. ఇటు వినిపిస్తుంది."

ఆవిడ సూది చేత్తో పట్టుకునే ఆయన వంక చూసింది.

"ఎడమచెవి పనిచేయడం లేదు," అన్నాడాయన. "ఇవాళే తెలిసింది. నువ్వు మూడుసార్లు చెప్పింది నాకు చేరలేదు. నాలుగోసారి చెప్పు."

నమ్మాలా వద్దా అని ఇప్పుడు ఆవిడ తూస్తోంది. ఆయన ముఖాన్ని అటూ ఇటూ చూసి, తల దించుకుని, ఎప్పుడూ మాట్లాడే చిన్న గొంతుతోనే చెప్పింది.

"పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నారు. ఎల్లుండి ఆపరేషను. మా చెల్లి వాళ్ళ ఊళ్ళోనే. రేపు పొద్దున బస్సుకి వెళ్ళాలి."

"ఇదేనా మూడుసార్లూ చెప్పింది?"

"ఇదే. చివర్లో ఇంకొకటి కూడా అడిగాను." ఆవిడ సూదిని దారపుండకు గుచ్చింది. "భయంగా ఉంది, మీరూ వస్తారా అని అడిగాను. మూడుసార్లూ టీవీనే చూశారు."

ఆయన లేచి పడగ్గదిలోకి వెళ్ళి, వంగి మంచం కింది సంచి బయటికి లాగాడు. ఆవిడ తువ్వాలు పక్కకు జరిపి తన చొక్కాలు రెండు లోపల పెట్టాడు. కోటు తెమ్మని గదిలోంచే కేక వేశాడు. ఆవిడ తెచ్చి ఇచ్చి, ఈసారి ఆయనకు కుడిపక్కన నిలబడి, ఇంకో తువ్వాలు కూడా పెట్టుకోమంది.