చెరువు మీద గీత

మాబుసాబ్ ఫోన్ చేసింది పార్సిల్ వద్దని చెప్పడానికి కాదు, రేపు తెమ్మని చెప్పడానికి. ఇంటి దగ్గర ఎవరూ లేరన్నాడు. నల్లకట్ట ఊరు ఊరంతా చెరువు కట్ట మీదే ఉందట. ఆయన మాటల వెనక పలక డప్పుల మోత, ఆడవాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి.

పెనుకొండలోని గడప ఎక్స్‌ప్రెస్ కొరియర్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న షహీన్ సరేనంది. గొర్రెల బొచ్చు కత్తిరించే మిషను కోసం వారం నుంచి రోజూ ఫోన్ చేసి వేధించిన మనిషి ఇవాళ తనే వద్దనడం వింతగా అనిపించి, కట్ట మీద అంత పనేముంది మామా అని అడిగింది.

"నీళ్లు పాపా. రాత్రి కాలువ నీళ్లు మా చెరువులోకి ఇడిసినారు. మా చిన్నోడు పుట్టినాక ఈ చెరువులో నీళ్లు చూసిందే లేదు. వాడు ఇప్పుడు కాలేజీకి పోతాండాడు."

కీబోర్డు మీద షహీన్ చెయ్యి ఆగిపోయింది.

ఎదురుగా తెర మీద నీలిరంగు గీత ఒకటి ఉంది. కిషోర్ నడుపుతున్న వ్యాను ఇవాళ పోవలసిన దారి అది. పెనుకొండలో మొదలై, దిన్నెపల్లి దాటి, కొండల్లో ఉన్న గుట్టకిందపల్లిలో ఆగి, అక్కడి నుంచి తిన్నగా నల్లకట్ట చెరువు మధ్యలోంచి పోతోంది.

ప్రభుత్వ పటంలో అక్కడ రోడ్డు లేదు. రోడ్డు మీద పోవాలంటే దిన్నెపల్లికి వెనక్కి వచ్చి, గోరంట్ల వైపు చుట్టు తిరిగి నల్లకట్ట చేరాలి. చెరువు ఎండిపోయిన ఏళ్లలో ఆ చుట్టు ఎవరూ తిరగలేదు. బైకులు, ఆటోలు, డెలివరీ వ్యాన్లు అన్నీ చెరువులో పడి అడ్డంగా పోయేవి. పోయిన ప్రతివాడి జేబులోనూ ఫోను ఉంది. ప్రతి ఫోనూ తాను నడిచిన జాడను ఉపగ్రహాల సాయంతో గుర్తుపెట్టుకుంది. ఆ జాడలన్నీ పోగుచేసి, ఇది రోడ్డేనని సాఫ్ట్‌వేర్ తీర్మానించుకుంది. హిందూపురం గోడౌన్ నుంచి పొద్దున్నే సరుకు రాగానే ఏ వ్యాను ఏ ఇంటికి, ఏ వరసలో పోవాలో గీసిచ్చేది అదే. ఆ గీత సరిచూసి డ్రైవర్ల ఫోన్లకు పంపడం షహీన్ పని. ఇవాళ కూడా సరిచూసే పంపింది.

"మామా, చెరువులో మట్టి తవ్విన గుంతలు ఉండాయి కదా?"

"ఉండకేం. ఇటుక బట్టీలోళ్లు తవ్వి పెట్టిపోయినారు, లారీ దింపినా కనబడదు. అవే ముందు నిండినాయి. ఇప్పుడు పైనుంచి చూస్తే అంతా ఒకటే సమానం. మోకాలి లోతు కూడా లేదనిపిస్తాది. పిల్లోళ్లను దిగనీకుండా కాపలా కాస్తాండాం."

తన వ్యాను ఒకటి అవతలి గట్టు నుంచి ఆ నీళ్లలోకి రాబోతోందని షహీన్ చెప్పింది. పలకల మోత దూరమైంది. ఆ గట్టుకు పోవాలంటే చెరువంతా చుట్టు తిరగాలని, పోయేసరికి చీకటి పడుతుందని మాబుసాబ్ అన్నాడు. అయినా నలుగురిని వెంటబెట్టుకుని టార్చిలైట్లతో బయలుదేరుతున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఆమె కిషోర్‌కు ఫోన్ చేసింది. కవరేజీ లేదని యంత్రం పలికింది. మళ్లీ చేసింది. మళ్లీ అదే.

తెర మీద వ్యాను చుక్క దిన్నెపల్లి దాటిన చోట ఆగిపోయి బూడిదరంగుకు తిరిగింది. వ్యాను ఆగిందని కాదు దానర్థం. కొండల్లో టవర్ లేదు, చుక్క తన చోటు చెప్పడం మానేసిందంతే. కానీ గీత కిషోర్ ఫోన్లో ముందే దిగి ఉంది. ఆకాశంలోని ఉపగ్రహాలు ఆ ఫోనుకు చోటు చూపిస్తూనే ఉంటాయి. ఎడమకు తిరుగు, కుడికి తిరుగు అని ఫోను చెబుతూనే ఉంటుంది. ఆగు అని చెప్పడానికి మాత్రం మనిషికి దారి లేదు.

ఫోన్ మాటల చప్పుడుకు లోపలి గదిలోంచి మేనేజరు కృష్ణకాంత్ వచ్చాడు. విషయం విని కొట్టిపారేశాడు. "వానికి కండ్లు లేవా? నీళ్లు కనబడితే ఆగడా?"

"నిన్న మీరు అన్న మాటకు ఆగడు సార్."

బత్తలపల్లి నుంచి వచ్చి కొత్తగా పనిలో చేరిన కిషోర్ నిన్న గీత వదిలి, ఎవరో గొర్రెలకాపరి చెప్పిన దారిన పోయాడు. సగం పార్సిళ్లు ఇవ్వకుండానే తిరిగొచ్చాడు. ఫోన్ ఏ దారి చెబితే ఆ దారిన పోవాలని, సొంత తెలివి ఇంకోసారి చూపిస్తే ఇంటికి పొమ్మని కృష్ణకాంత్ అందరి ముందూ తిట్టాడు. ఆ తిట్లు షహీన్ విన్నది. నీళ్లంటే భయమని, బావిలోకి కూడా తొంగిచూడనని కిషోర్ భోజనాల దగ్గర చెప్పిందీ విన్నది.

"ఈత రాదు సార్ ఆ పిల్లోడికి."

కృష్ణకాంత్ బైకు తాళం అందుకుని మెట్లు దిగాడు. ఎంత తోలినా కిషోర్‌ను అందుకోలేడని ఇద్దరికీ తెలుసు. అయినా పోయాడు.

షహీన్ తెర వైపు తిరిగింది. రోడ్డు మూసేశారని చెప్పే బటన్ నొక్కింది. మీ ఫిర్యాదు నమోదైంది, పరిశీలించి రేపటిలోగా తెలియజేస్తాం అని వచ్చింది. బెంగుళూరు హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే, తెలుగు కోసం రెండు నొక్కమంది. నొక్కితే పాట మొదలైంది.

ఆ పాటను స్పీకర్లో వదిలేసి ఆలోచించింది. ఒక్క అవకాశం ఉంది. గుట్టకిందపల్లి దాటి చెరువులోకి దిగేముందు బోడికొండ మలుపు వస్తుంది. ఎత్తు ప్రదేశం. ఏ వ్యాను పోయినా ఆ మలుపులో చుక్క ఒక్కసారి నీలంగా మెరిసి మళ్లీ ఆరిపోవడం ఆమె రోజూ చూసేదే. ఫోన్ కాల్ కలిసేంత సిగ్నల్ అక్కడ ఉండదు. మారిన గీత ఒకటి దిగడానికి చాలవచ్చు. ఆ లోపల గీత మారాలి.

కానీ గీతను చేత్తో జరపడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. అది వినేది ఆర్డర్ల మాట ఒక్కటే. ఏ ఇంటికి పోవాలో చెబితే ఎటు పోవాలో అది తేల్చుకుంటుంది.

చెరువు అవతల ఇవాళ ఉన్నది మాబుసాబ్ ఆర్డర్ ఒక్కటే. దాన్ని రేపటికి మార్చింది. గీత చెరిగిపోయి మళ్లీ గీసుకుంది. నల్లకట్ట ఊళ్లోకి పోలేదు, కానీ చెరువులోంచే పోయింది. ఖాళీ వ్యాను పెనుకొండకు తిరిగిరావడానికి కూడా అదే దగ్గర దారని లెక్కవేసింది సాఫ్ట్‌వేర్.

అంటే వ్యానుకు చెరువు ఇవతల పని ఉండాలి. వచ్చిన దారిలోనే ఒక ఇల్లు కావాలి.

దిన్నెపల్లి. ఉలిగమ్మ.

ఉలిగమ్మ దిన్నెపల్లి రోడ్డు మీద ఇడ్లీల హోటల్ నడుపుతుంది. ఆన్‌లైన్లో తెప్పించుకున్న మిక్సీ మూత సరిగ్గా కూర్చోవడం లేదని, వాపసు తీసుకుపొమ్మని వారం నుంచి షహీన్‌తో పోట్లాడుతోంది. వ్యాను రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అని షహీన్ తప్పించుకుంటూ వచ్చింది. చివరకు విసిగిపోయి ఉలిగమ్మే నిన్న ఆ వాపసు రద్దు చేసుకుంది.

ఫోన్ ఎత్తగానే షహీన్ అడిగేసింది. మిక్సీ వాపసు ఇస్తానని ఇప్పుడే మళ్లీ నొక్కమంది.

"ఇయ్యను పో. గుడ్డ చుట్టి తిప్పుకుంటాండా, బ్రహ్మాండంగా తిరుగుతాండాది. నేను ఇస్తానంటే మీరు రారు. నేను వద్దనుకుంటే మీకు కావాల్సొచ్చిందా?"

"ఉలిగమ్మక్కా, మిక్సీ నువ్వు ఇచ్చినా పర్వాలేదు, ఇయ్యకపోయినా పర్వాలేదు, నొక్కితే చాలు. ఇందాక నీ హోటల్ ముందర్నించి మా తెల్ల వ్యాను పోయింది, చూసినావా?"

"చూసినా. సన్నపిల్లోడు. వడ తిని పోయినాడు."

"వాడు నల్లకట్ట చెరువులోకి పోతాండాడు. చెరువుకు నీళ్లొచ్చినాయి. వానికి తెల్దు, ఫోన్ తగలడం లేదు. నువ్వు నొక్కితేనే వ్యాను నీ కాడికి వెనక్కి తిరుగుతాది. ఇంకెవరు చెప్పినా తిరగదు."

అవతల గరిటె ఏదో కింద పెట్టిన చప్పుడైంది.

"యాడ నొక్కల్ల?"

ఎక్కడ నొక్కాలో షహీన్ ఒక్కొక్కటే చెప్పింది. ఎందుకు వాపసు ఇస్తున్నారో కారణం ఎంచుకోమని యాప్ అడిగింది. సైజు సరిపోలేదా, రంగు నచ్చలేదా అని ఉలిగమ్మ పైకి చదవసాగింది. ఏదో ఒకటి నొక్కమంది షహీన్. రంగు నచ్చలేదని నొక్కింది ఉలిగమ్మ. ఓటీపీ వచ్చింది. చదివింది. కంగారులో ఒక అంకె తప్పు చదివి, తానే నాలుక కరుచుకుని మళ్లీ చదివింది.

షహీన్ తెర మీద కొత్త ఆర్డర్ పడింది. సాఫ్ట్‌వేర్ దాన్ని తీసుకుపోయి రేపటి జాబితాలో పెట్టింది. ఇవాళ్టికి మార్చాలంటే మేనేజరు పాస్‌వర్డ్ అడిగింది. బైకు మీద ఉన్న కృష్ణకాంత్ రోడ్డు పక్కన ఆపి, గాలి హోరులో అరిచి చెప్పాడు. అది ఆయన కూతురు పేరు. ఇంకోసారైతే షహీన్ నవ్వేది.

గీత చెరిగిపోయింది. మళ్లీ గీసుకుంది. గుట్టకిందపల్లి దాకా పోయి, అక్కడి నుంచి మడతపడి దిన్నెపల్లికి తిరిగొచ్చింది. చెరువు మీద ఇప్పుడు ఏ గీతా లేదు.

ఇక ఎదురుచూడటమే.

స్పీకర్లో హెడ్డాఫీసు పాట మళ్లీ మొదటికి వచ్చింది. షహీన్ రెప్ప వేయకుండా బూడిదరంగు చుక్కను చూస్తూ కూర్చుంది. ఆమె రోజూ ఇంటికి పోయే ధర్మవరం రైలు స్టేషన్లోకి వస్తున్న కూత వినిపించింది. లేవలేదు.

చుక్క మలుపులో నీలంగా మెరిసింది.

ఆరిపోయింది.

కొత్త గీత పంపాం అని తెర చెప్పింది. అందింది అని చెప్పలేదు. ఆ రెండో మాట కోసం చూసింది. రాలేదు. కిషోర్‌కు మళ్లీ ఫోన్ చేసింది. కవరేజీ లేదు. మాబుసాబ్‌కు చేసింది. ఇంకా సగం చెరువు కూడా చుట్టలేదని, చీకటి పడుతోందని రొప్పుతూ చెప్పాడు. అవతలి గట్టు మీద లైట్లు కనబడుతున్నాయా అని అడిగింది. ఇందాక ఏదో కనబడింది, ఇప్పుడు కనబడటం లేదన్నాడు.

ఆ మాటకు రెండర్థాలు ఉన్నాయి. రెండోది ఆలోచించకుండా ఉండటానికి షహీన్ ఉలిగమ్మకు ఫోన్ చేసి, రోడ్డు మీదికి పోయి నిలబడమంది. ఎప్పుడో నిలబడే ఉన్నానంది ఉలిగమ్మ. ఇడ్లీకి వచ్చినవాళ్లనూ నిలబెట్టిందట. ఇద్దరూ ఫోన్ పెట్టేయలేదు. ఒక బస్సు పోయిన చప్పుడు వినిపించింది. తర్వాత ఒక ట్రాక్టరు.

"పాపా," అంది ఉలిగమ్మ. "కొండ కాడినుంచి లైట్లు వస్తాండాయి."

"ఏ బండి?"

"తెల్తెల్లగ ఉండాది. ఉండు... ఆ, మీదే. ఆ పిల్లోడే."

షహీన్ కుర్చీలో వెనక్కి వాలింది. హెడ్డాఫీసు పాట ఆపేసింది.

ఉలిగమ్మ ఫోన్లో కిషోర్ గొంతు వినిపించింది. కోపంగా ఉన్నాడు. "ఏందక్కా ఇది? మలుపు కాడినుంచి బిగుసుకుపోయి, ముందు చక్రాలు నీళ్లల్లో దించినాక వెనక్కి తిరగమంటాది ఫోను. నీళ్లు చూసి ఒకసారి ఆపినా, అయినా సార్ చెప్పినాడని దించినా. మళ్లా తిరగమన్నాది, తిరిగినా. ఈడికొస్తే ఈయమ్మ మిక్సీ ఇయ్యనంటాది."

నీళ్ల కింద ఏముందో షహీన్ చెప్పింది. గుంతల సంగతి చెప్పింది. బెంచీ జరిపిన చప్పుడు, కూర్చోమంటున్న ఉలిగమ్మ గొంతు, గ్లాసులో టీ పోసిన చప్పుడు వినిపించాయి. కాసేపటికి కృష్ణకాంత్ బైకు అక్కడికి చేరింది. ఆయన కిషోర్‌తో ఏమన్నాడో షహీన్ వినలేదు, వినాలనుకోలేదు. మాబుసాబ్‌కు చెప్పి వెనక్కి పొమ్మంది.

పొద్దున ధర్మవరం నుంచి మొదటి రైలుకే వచ్చి కంప్యూటర్ తెరిచింది. మాబుసాబ్ మిషనుతో కలిపి సాఫ్ట్‌వేర్ కొత్త గీత సిద్ధం చేసి పెట్టింది. మళ్లీ చెరువు మధ్యలోంచే. నిన్న కిషోర్ నీటి అంచు దాకా పోయిన జాడను కూడా అది దారి లెక్కలోనే వేసుకుంది.

హెడ్డాఫీసు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఫిర్యాదు చూశామని, కంగారు పడక్కర్లేదని, ఎవరూ పోకపోతే నెల రోజుల్లో ఆ దారిని సిస్టమే మరిచిపోతుందని మర్యాదగా చెప్పాడు. ఈలోపల వ్యాన్లు ఆలస్యం లేకుండా పంపమన్నాడు.

"నెలలోపల ఎవరో ఒకరు పోతారు సార్," అంది షహీన్. "మీరు ఆ గీత తీసేసేదాకా ఈడినుంచి ఒక్క వ్యాను కూడా కదలదు. హిందూపురం నుంచి వచ్చిన సరుకంతా ఈడే ఉంటాది."

మీ మేనేజరుకు ఇవ్వమన్నాడు అతను. వెనకే నిలబడి ఉన్న కృష్ణకాంత్ ఫోన్ అందుకుని, ఆమె చెప్పిందే నా మాట కూడా అని పెట్టేశాడు.

బయట వ్యాన్లు వరసగా ఆగి ఉన్నాయి. డ్రైవర్లు దిగి టీ తాగుతున్నారు. ఎవరూ విసుక్కోలేదు. ఎండ మెట్ల మీదికి వచ్చేసరికి తెర ఒకసారి ఆరి వెలిగింది. నల్లకట్ట గీత గోరంట్ల రోడ్డు మీదుగా చుట్టు తిరిగింది. చెరువు ఉన్న చోట ఏమీ లేదు.

షహీన్ దాన్ని కొసదాకా రెండుసార్లు చూసి, కిషోర్ ఫోనుకు పంపింది. అతను మాబుసాబ్ మిషను డబ్బా భుజాన వేసుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"దూరం ఎక్కువ చూపిస్తాండాది అక్కా."

"ఎక్కువే," అంది ఆమె. "నీళ్లు కనబడితే మాత్రం ఫోను ఏం చెప్పినా ఆపు. ఆపి నాకు చెప్పు."