భద్రంగా ఉందక్కా

ఆస్పత్రిలో అందరూ అతన్ని చాటున ‘ఆపిపెట్టు’ అంటారు, ఎదురుపడితే సార్ అంటారు. ఏ వార్డులో కంప్యూటర్ మొరాయించిందని ఫోన్ వచ్చినా అతని దగ్గరున్న మందు ఒక్కటే: ఆపి, మళ్ళీ పెట్టండి. జలుబుకీ అదే, జ్వరానికీ అదే. నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు గాని, ఆ మందు పనిచేయని రోజంటూ లేదు.

పనిచేసేలా చేసిందీ అతనే. వెనకటికి ప్రతి కంప్యూటర్లోనూ ఒక హార్డ్ డిస్క్ ఉండేది. ఒకరు అందులో ఫోటోలు నింపేవారు, ఒకరు ఆటలు ఎక్కించేవారు, వాటి వెంట వైరస్‌లు దిగబడేవి, నెల తిరక్కుండా ఏదో ఒకటి మూలపడేది. విసుగెత్తి అన్ని డిస్కులూ ఊడబీకి అట్టపెట్టెలో పడేశాడు. అప్పటినుంచి కింది అంతస్తులో, అతని గదిలో ఉన్న సర్వరే అన్నిటికీ దిక్కు. మీట నొక్కగానే ప్రతి కంప్యూటరూ తీగ వెంట చేతులూపుకుంటూ సర్వర్ దగ్గరికి వస్తుంది. కావలసినదంతా తెచ్చి మెమరీలో పెట్టుకుని పని మొదలెడుతుంది. ఆపితే అంతా మరిచిపోతుంది. రోగుల వివరాలు ఆస్పత్రి ప్రోగ్రాంలో రాస్తారు, అవి నేరుగా సర్వర్లోకి పోతాయి కనక వాటికి ఢోకా లేదు. తక్కినవన్నీ గాలిలో దీపాలే. ఈ ఏర్పాటంటే అతనికి మహా గొప్ప. ఇంటికొచ్చిన చుట్టాల్ని కూచోబెట్టి మరీ చెప్పేవాడు. పాపం, వాళ్ళూ వినేవాళ్ళు.

అతని అక్క పై అంతస్తు వార్డులో చేరింది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. గొంతులో గడ్డకు ఆపరేషన్ చేసి, ఊపిరికి గొట్టం అమర్చారు. మాట పోయింది. పలక ఇచ్చారు గాని, సూదులు పొడిచి పొడిచి చెయ్యి వాచి వేళ్ళ మధ్య బలపం నిలిచేది కాదు. వంకరటింకరగా ఆవిడ రాసిన నాలుగు ముక్కలూ కూతురి గురించే.

తల్లీకూతుళ్ళకు మాటల్లేక చాలాకాలమైంది. బావకు జబ్బు ముదిరినప్పుడు డాక్టర్లు ఆపరేషన్ చేద్దామన్నారు, అక్క వద్దంది. ఎందుకు వద్దందో ఎవరికీ చెప్పలేదు. బావ పోయాడు. నాన్నను నువ్వే చంపావని కూతురు తల్లి మొహం మీదే అని, పెట్టె సర్దుకుని పోయింది. ఇప్పుడు కబురు అందుకుని వస్తోంది. దూరాభారం, వచ్చేసరికి మర్నాడవుతుంది. ‘అప్పుడెందుకు వద్దన్నానో పిల్లకి చెప్పాలి’ అని అక్క పలక మీద రాసి, తమ్ముడి వైపు చూసింది.

అక్క ఒకప్పుడు ఆఫీసులో టైపిస్టు. కలం పట్టలేని వేళ్ళు కీబోర్డు మీద ఆడతాయని అతనికి తట్టింది. నర్సునడిగి, వార్డులో తిప్పే చక్రాల బల్లను కంప్యూటర్‌తో సహా మంచం పక్కకు తోయించాడు. ఉత్త కాగితంలాంటి పేజీ ఒకటి తెరిచి పెట్టి, రాసుకో అక్కా అని కిందికి దిగిపోయాడు. నాలుగు ముక్కలు కొట్టి పడుకుంటుందనుకున్నాడు. సర్వర్లో ఎక్కడ దాచాలో మాత్రం చెప్పలేదు. అదొక్కటే మరిచాడు.

అక్క మధ్యాహ్నందాకా కొట్టింది. పాత అలవాటు కొద్దీ ప్రతి పేరా అవగానే భద్రపరిచే మీట నొక్కింది. నొక్కినప్పుడల్లా కంప్యూటర్ సరేనంది. అది అబద్ధమాడలేదు. కరెంటు ఉన్నంతసేపూ ఆ మాట నిజమే.

భోజనాల వేళ దాటాక పై అంతస్తులో బిల్లుల ప్రోగ్రాం బిగుసుకుపోయింది. కిటికీ ముందు జనం అరుస్తున్నారని ఫోన్ మీద ఫోన్. ఆపబోయే ముందు వార్డుకు ఫోన్ చేసి చెప్పాలన్న నియమం అతను పెట్టిందే. ఆ రోజు చెప్పలేదు. కూచున్న చోటు నుంచే పై అంతస్తు కంప్యూటర్లన్నిటినీ ఒక్కసారిగా ఆపి మళ్ళీ పెట్టాడు. బిల్లులు కదిలాయి. కుర్చీలో వెనక్కి వాలి హమ్మయ్య అనుకున్నాడు.

అంతలో నర్సు ఫోన్ చేసింది. మీ అక్కగారు ఏదో పెద్దగా రాశారు, రాసి నిద్రపోయారు, ఇప్పుడు తెరమీద ఏమీ లేదు సార్, అంది.

అతను లాభం లేదని తెలిసీ సర్వరంతా గాలించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. డిస్కుంటే ఏ మూలో ఒక ముక్కైనా దొరికేది. వాటిని పీకిందే తను.

మెట్లెక్కి వెళ్ళేసరికి అక్క మేలుకుని ఉంది. మొహం ఎన్నో ఏళ్ళుగా లేనంత తేటగా ఉంది. బల్ల వైపు వేలు చూపించి, కనుబొమలెగరేసింది.

చెబుదామనే వచ్చాడు. ఆ మొహం చూశాక మాట మార్చాడు.

“భద్రంగా ఉందక్కా. పిల్ల రాగానే చూపిస్తా.”

అక్క అతని చెయ్యి తట్టి కళ్ళు మూసుకుంది. ఆ పూటకు గండం గడిచింది, రేపు మెల్లగా చెప్పి మళ్ళీ రాయించవచ్చులే అనుకున్నాడు. సాయంత్రం నర్సు బల్ల తోసుకొచ్చి, ఇంకా ఏమైనా రాస్తారా అనడిగితే అక్క తల అడ్డంగా ఊపింది. దుప్పటి అంచు తనే మడిచి సరిచేసుకుంది. జడ విప్పించుకుని, అతను చూస్తుండగానే తనే మళ్ళీ అల్లుకుంది.

తెల్లవారాక ఊపిరి అందలేదు. డాక్టర్లు చేయగలిగింది చేశారు. పిల్ల వచ్చేసరికి మంచం మీద పక్క మార్చేశారు కూడా.

అమ్మ నీకోసం పూటంతా కూచుని రాసిందమ్మా అని నర్సు ఆ పిల్లకు చెప్పింది. మంచి మాట చెబుతున్నాననే చెప్పింది పాపం. పిల్ల తిన్నగా కిందికి, మామయ్య గదికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది, కళ్ళల్లో మాత్రం ఏదో ఆశ.

“నాన్న సంగతి రాసిందా మామయ్యా?”

రాస్తానందని చెప్పాడు. తర్వాత ఏమీ దాచలేదు. డిస్కులు పీకడం, ఫోన్ చేయకుండా ఆపిపెట్టడం, భద్రంగా ఉందని చెప్పడం, అన్నీ తలవంచుకుని చెప్పాడు. ఆ పిల్ల మీద పడి కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె సర్వర్ మీద మినుకుమంటున్న దీపాలను చూస్తూ నిలబడింది.

“నువ్వు నిజం చెప్పుంటే అమ్మ మళ్ళీ రాసేదా?”

ఓపిక ఎక్కడిదమ్మా అంటే సరిపోయేది. డాక్టర్లను అడిగినా కాదనరు. ఆ ఒక్క మాటతో పిల్ల మనసూ తేలికయ్యేది, తనూ ఒడ్డున పడేవాడు. నాలిక చివరిదాకా వచ్చింది. నిన్న మంచం పక్కన నిలబడి తను చెప్పిన మాట కూడా ఇలాగే, ఎంతో మంచి మాటలాగే వచ్చింది.

“రాసేదమ్మా,” అన్నాడు. “సాయంత్రం తన జడ తనే అల్లుకుంది.”

పిల్ల కుర్చీలో కూలబడింది. బల్ల మీద ఫోన్ మోగింది. పై వార్డు నర్సు, కంప్యూటర్ కదలడంలేదు, ఆపి మళ్ళీ పెట్టమంటారా సార్ అని అడుగుతోంది. అతను రిసీవరు చెవి దగ్గరే పట్టుకుని పిల్ల వైపు చూశాడు. నర్సు అవతలనుంచి వినబడుతోందా, వినబడుతోందా అని అడుగుతూనే ఉంది.