మూత పెట్టి తీసిన ఆకాశం

ఎంటర్ కొట్టి కామేశ్వరి కుర్చీలో వెనక్కి వాలింది. నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు వరసలుగా పైకి పాకుతున్నాయి. ఒక్కో వరస ఒక్కో ఫైలు. ఒక్కో ఫైల్లో, మద్దిలపాలెంలోని తమ కాలేజీ మేడ మీది టెలిస్కోపు కొన్ని నిమిషాలపాటు చూసిన ఆకాశం. వాటిని ఒకదాని మీద ఒకటి వేసి కలిపితే, ఒక్కోదాంట్లో కనపడని మసక వెలుగు పోగవుతుంది. కలిపే ప్రోగ్రాము పేరు, ఫైళ్ల పేరు, చివర ఒక నక్షత్రం గుర్తు టైపు చేస్తే చాలు. ఆ గుర్తుకి 'అన్నీ' అని అర్థం.

వన్ టౌన్‌లో టైపు నేర్చుకున్న వేళ్లు అవి. కీబోర్డును ఇప్పటికీ పాత మిషనులాగే టకటకా బాదుతాయి. పోర్టులో గుమాస్తా అయిన భర్త వెంట గోదావరి వైపు నుంచి వచ్చింది. అతను పోయాక ఈ కాలేజీలో చేరింది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. కామేశ్వరి మాత్రం అదే కిటికీ పక్కన, అదే కుర్చీలో, ఒక కాడ విరిగితే దారం కట్టుకున్న కళ్లద్దాలతో ఉండిపోయింది.

ఇవాళ ఆమెకు అన్నం కూడా సయించలేదు. ఆ ఫైళ్లన్నీ తీసిన పైడయ్య ఆసుపత్రిలో ఉన్నాడు. టెలిస్కోపు గది తలుపులు తీసి, మూత తీసి, కెమెరా నడిపే అటెండరు. ఇంక లాభం లేదని డాక్టర్లు చెప్పేశారు. ఆదివారం చూడబోతే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మూడు సీతాకాలాలు తీసినాను కామేశ్వరమ్మా. అన్నీ నల్లగానే వొచ్చినాయి. అందులో ఏటుందో ఒక్కసారి సూపించమ్మా."

అక్షరాల వరస ఆగింది. కలిసిన బొమ్మ తెరిచి చూసింది. తెర నిండా గీతలు, మచ్చలు. కెమెరాకు తన సొంత మరకలుంటాయి. ఇన్ని బొమ్మలు కలిపితే ఆ మరకలూ కలిసి బలిశాయి. మూత పెట్టి తీసిన బొమ్మ ఉంటే అందులో మరకలు మాత్రమే పడతాయి. వాటిని ప్రతి ఫైల్లోంచీ తీసేయొచ్చు. అలాంటివి తీయాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు తీద్దామంటే వానాకాలం మొదట్లోనే కెమెరా చెడిపోయింది.

కామేశ్వరి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. దసరా!

నిరుడు ఆయుధపూజనాడు పైడయ్య టెలిస్కోపు తుడిచి, మూతకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. ఆకాశం తేటగా ఉన్న ప్రతి రాత్రీ ఫైళ్లు కావాలని, టెలిస్కోపు బాధ్యత చూసే దేవీప్రసాద్ మాస్టారి హుకుం. మర్నాడు చూస్తే ఆ ఫైళ్లలో ఒక్క నక్షత్రమూ లేదు, ఉత్త చీకటి. మాస్టారు మండిపడ్డారు.

"పూజ సేసిన పనిముట్టుని ఆరోజు పనిలో పెట్టకూడదు గదండి బాబూ," అన్నాడు పైడయ్య చేతులు కట్టుకుని. "మీకేమో ఫైళ్లు కావాల. అందుకే మూత తియ్యకుండా తీసీసినాను."

కాలేజీ అంతా పడీపడీ నవ్వింది. వాటిని చెరిపేయమన్నారు మాస్టారు. కామేశ్వరికి చేతులు రాలేదు.

దసరా ఫైళ్లను బయటికి లాగింది. ప్రతి బొమ్మలోంచీ ఆ చీకటిని, అందులోని మరకలతో సహా, తీసేయమని ప్రోగ్రాముకు చెప్పింది. నక్షత్రం మీద నక్షత్రం వచ్చేలా సర్ది, మళ్లీ కలపమంది. కిటికీ అవతల వాన పట్టుకుంది.

ఈసారి బొమ్మ తెరుచుకోగానే ఆమె లేచి నిలబడిపోయింది.

నడుమ మెత్తటి వెలుగు. దాని చుట్టూ చేతులు చాచి సుళ్లు తిరిగిపోతున్న పొడి, ముగ్గుపిండి ఊదినట్టు. అది పొడి కాదు, దూరపు గెలాక్సీ. ప్రతి రేణువూ ఒక సూర్యుడు. లక్షల ఏళ్ల కిందట, మనిషన్నవాడు పుట్టకముందు బయల్దేరిన వెలుగు వచ్చి వచ్చి ఈ మేడ మీద దిగింది. దిగినప్పుడు పైడయ్య అక్కడ బీడీ ఆర్పేసి కూర్చుని ఉన్నాడు. కామేశ్వరి ఏ దేవుడికని తెలియకుండానే దణ్ణం పెట్టింది.

పైడయ్య భార్య సన్యాసమ్మకు వీడియో కాల్ చేసి, ఫోను తెరకు ఎదురుగా పట్టుకుంది.

"చూడు పైడయ్యా. నువ్వు తీసిందే."

పైడయ్య ఫోనును ముఖం దగ్గరికి లాక్కున్నాడు.

"ఓలమ్మో... ఇంత ఎలుగు ఆ నలుపులోనే ఉందేటమ్మా?"

"నువ్వు మూత పెట్టి తీసినవి ఉన్నాయి చూడు, అవి లేకపోతే కనపడేదే కాదు."

పైడయ్య నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "మూత ఏసే ఉందా? ఉప్పుగాలమ్మా, జాగ్రత్త."

"ఉంది," అంది కామేశ్వరి. ఫోను పెట్టేసి, ఆ బొమ్మను సన్యాసమ్మకు పంపింది.

సాయంత్రం ఆమె టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే సన్యాసమ్మ ఫోను. "ఎల్లిపోనాడమ్మా," అంది. "ఆకరిదాకా ఆ బొమ్మే సూసుకున్నాడు. నిద్దరోనాడనుకున్నాను."

కామేశ్వరి కూలబడి ఏడ్చింది. తర్వాత చెంగుతో ముఖం తుడుచుకుని, మేడ మీదికి ఎక్కింది. మూత ఉందని చూడకుండానే చెప్పింది మరి. కెమెరాను బాగుచేయడానికి విప్పి పట్టుకెళ్లినవాళ్లు మూత వేయనేలేదు. టెలిస్కోపు నోరు తెరుచుకుని ఉంది. మూత గోడమేకుకు వేలాడుతోంది.

దాన్ని తీసి, చెంగుతో అంచు మాత్రం తుడిచి, టెలిస్కోపుకి బిగించింది. మధ్యలో నిరుటి కుంకుమబొట్టు, చుట్టూ కాస్త రాలినా, ఇంకా ఎర్రగానే ఉంది.