నెమ్మదిగా దిగే తొట్టి

ఉక్కుతాడు మీద అరచెయ్యి ఆనించి హస్త బహదూర్ కళ్ళు మూసుకున్నాడు. రాత్రంతా కురిసిన వానకి తాడు చల్లబడి ఉంది. బ్రేకు కర్ర వదులు చేసి, పెద్ద చక్రాన్ని అటు జానెడు ఇటు జానెడు ఆడించి చూశాడు. కిర్రుమనలేదు. కానీ కర్ర ఎప్పటికంటే బరువుగా తోచింది. నానిందేమోలే అనుకుని, మూలనున్న వెదురు బద్ద తీసి తాడు మీద రెండు దెబ్బలు కొట్టాడు.

కింద లోయ లేదు. ఉన్నదంతా మంచే. తాడు అతని గుడిసె ముందు బయల్దేరి, గాలిలోకి సాగి, ఆ తెల్లదనంలో ఎక్కడో కరిగిపోతోంది. కొట్టిన దెబ్బలు రెండూ దాన్ని పట్టుకుని దిగిపోయాయి. కాసేపటికి, నిద్రలో ఎవరో పిలిచినట్టు, కింద నుంచి రెండు దెబ్బలు ఎక్కి వచ్చాయి.

సుకుమాయ లేచింది.

త్రిశూలి ఒడ్డున, ఖాట్మండూ పోయే రోడ్డు పక్కన, తాడు రెండో కొస దగ్గర ఆమె టీకొట్టు ఉంది. పై నుంచి నిండు తొట్టి దిగితే దాని బరువుకి కింద ఖాళీ తొట్టి పైకి వస్తుంది. మోటారు లేదు, కరెంటు లేదు. పైన హస్త చేతిలో బ్రేకు, కింద దించుకోవడానికి సుకుమాయ. కాఫల్‌డాండా ఊరి బతుకంతా ఈ ఇద్దరి మధ్య ఊగుతూ ఉంటుంది.

తాడు రాకముందు ఆ ఊరికి దారి అంటే మనిషి వీపే. ఉప్పు, కిరసనాయిలు, పెళ్ళికూతురి పెట్టె, జ్వరంతో మూలుగుతున్న ముసలమ్మ, అన్నీ వీపు మీదే ఎక్కేవి, దిగేవి. మీసాలు రాకముందు నుంచి హస్త ఆ మోతపనే చేశాడు. బుట్టకి కట్టిన పట్టీ నుదుటికి తగిలించుకుని మోయగా మోయగా అక్కడ గాడి పడిపోయింది. టోపీ తీస్తే కనిపిస్తుంది, నున్నగా, పొలంలో పిల్లకాలువలా. మోకాళ్ళు అరిగిపోయాక ఊరివాళ్ళు అతన్ని ఈ చక్రం దగ్గర కూర్చోబెట్టారు. భార్య జస్మాయ పోయి చాలాకాలమైంది. ఒక్కగానొక్క కూతురు చిత్వన్‌లో కాపురముంటోంది. దసరాకి వస్తుంది, నుదుట అక్షతలు పెట్టించుకుని వెళ్ళిపోతుంది. అతనికున్న పొలం గుడిసె వెనక చాపంత మడి.

శుక్రవారం కాబట్టి ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చేశారు. మంచులోంచి ముందు బుట్టలు కనిపించేవి, తర్వాత వాటి కింద మనుషులు. శనివారం ఖాట్మండూలో మందుల్లేని కూరగాయల సంత జరుగుతుంది. సాయంత్రం లారీ బయల్దేరేలోగా ట్రేలన్నీ కిందికి చేరాలి.

"మామా, నీ తొట్టి పల్లకీ కంటే మెల్లిగా పోతోంది. మా టమాటాలు దారిలోనే ముసలివైపోతాయి" అంది గోమా, బుట్ట దించుతూ. ఊళ్ళో అందరికంటే పెద్ద నోరు ఆమెది.

"నువ్వెక్కి కూర్చో, వేగంగా వదులుతాను."

"నన్ను మోసే తాడు ఇంకా పుట్టలేదులే."

నవ్వులు మంచులోకి పోయాయి. ఆమె అన్నమాట నిజమే, తొట్టి నెమ్మదిగానే దిగుతుంది. ఇదివరకు ఇంత నెమ్మది లేదు. యూరియా వేసి పెంచిన రోజుల్లో టమాటా కాయ ఆకుపచ్చగానే తెంపేవారు. రాయిలా ఉండేది. తొట్టి ధన్‌మని ఆగినా దానికేమీ అయ్యేది కాదు. ఇప్పుడు కొమ్మ మీద పండనిచ్చి కోస్తున్నారు. తొక్క పసిపిల్ల బుగ్గలా ఉంటుంది. మొదటి ఏడాది సగం కాయలు చితికి కిందికి చేరాయి. రైతుల సంఘం పని చూసే నిర్జల అప్పుడు ఈ చక్రం పక్కన కూర్చుని ఏడ్చింది. రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగి, చీవాట్లు తిని, రైతులచేత మందులు మాన్పించిన పిల్ల. ఆ రాత్రి హస్త పాత గొడుగు గుడ్డ చింపి బ్రేకు కర్రకి చుట్టాడు. మర్నాటి నుంచి తొట్టి పక్షి ఈకలా దిగడం మొదలుపెట్టింది.

పోయిన దసరాకి సుకుమాయ మొదటిసారి కొండెక్కి వచ్చింది. రొప్పుతూ చక్రం పక్కన కూలబడి, అతని చేతుల వంక చాలాసేపు చూసింది.

"నీ చెయ్యి నాకు తెలుసు. నీకు ఒంట్లో బాగాలేకపోతే ముందు తొట్టికి తెలుస్తుంది, తర్వాత నాకు" అంది.

హస్త లోపలికి పోయి జామకాయ తెచ్చి ఇచ్చాడు.

మొదటి ట్రేలు మంచులోకి మునిగాయి. తాడు అరచేతి కింద సన్నగా వణుకుతూ నడిచింది. అలా తాడు నడిచేటప్పుడు హస్తకి తను కూర్చున్నచోట లేనట్టు ఉంటుంది. తొట్టితోపాటే తనూ దిగుతున్నట్టు, చెట్ల కొసలు అరికాళ్ళకి తగులుతున్నట్టు, కింద నది మాటలు వినపడుతున్నట్టు. నడుం మీద ఇంతకాలం మోసిన బరువులన్నీ ఎవరో ఒక్కొక్కటే దించుతున్నట్టు.

మధ్యలో కింద నుంచి ఒక దెబ్బ వచ్చింది. ఒకటే. ఆగి, మళ్ళీ ఒకటి. అది సుకుమాయ మామూలుగా కొట్టే దెబ్బ కాదు.

పైకొచ్చిన తొట్టిలో బియ్యం బస్తా ఉంది. మూతి తాడుతో కుట్టి ఉంది. ఎత్తి పక్కన పెట్టబోతూ హస్త ఆగిపోయాడు. బియ్యం మెత్తగా వంగుతుంది. ఇది వంగలేదు. గోనె తడిగా, చేతికి చల్లగా ఉంది. ఆ చల్లదనం వీపుకి బాగా తెలుసు. పదేళ్ళు మోశాడు, మరో పదేళ్ళు ఈ చక్రం మీద ఎక్కించాడు. యూరియా.

ఆడవాళ్ళు మిగతా బుట్టలు తేవడానికి వెళ్ళారు. అప్పుడొచ్చాడు డంబర్, తలమీద ప్లాస్టిక్ కాగితం కప్పుకుని. బస్తా వంక చూశాడు, హస్త వంక చూడలేదు.

"నా బియ్యం వచ్చినట్టుంది అన్నా."

"వచ్చింది. బియ్యానికి చెమట పట్టింది."

డంబర్ మొహం గంటు పెట్టుకున్నాడు. "తెలిసిందిగా. అయితే ఇప్పుడేం చేస్తావు, నిర్జలని పిలుస్తావా?" అన్నాడు.

"నేనెందుకు పిలుస్తాను. నీ బస్తా, నీ వీపు. ఎత్తుకుపో."

"నీకేం అన్నా. చాపంత మడి. తెగులొస్తే ఒక పూట కూర పోతుంది. నాకు కొండవాలంతా పోతోంది. ఆకులు మాడిపోతున్నాయి. రాత్రి చూస్తే పచ్చగా ఉంటుంది, తెల్లారేసరికి నిప్పు తగిలినట్టు నల్లగా ఉంటుంది. ఒక్కసారి ఇది వేసి మందు కొడితే నిలబడుతుంది. ఎవరికి తెలుస్తుంది?"

"గోమాకి తెలీదు. నిర్జలకి తెలీదు. కొన్నవాళ్ళకి తెలీదు." హస్త టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "తెలిసిన రోజున అందరి ట్రేలూ కలిపి వెనక్కొస్తాయి. అట్లాగని కదా మాట ఇచ్చుకున్నాం. మళ్ళీ కింద దళారి ముందు నిలబడి, ఆయన ఎంత విసిరితే అంత ఏరుకోవడమే."

వాన చినుకులు ప్లాస్టిక్ కాగితం మీద చిటపటలాడాయి.

"నీకొకటి చెప్పనా" అన్నాడు హస్త. "యూరియా సంచులు మానేసిన కొత్తలో. ఇంకా తెల్లారలేదు. చక్రం కిర్రుమంటోంది. గాలికి తిరుగుతోందేమోనని నూనె సీసా పట్టుకుని బయటికొచ్చాను. తిరగట్లేదు. నూనె పోశాను. అయినా కిర్రుమంటూనే ఉంది. చెవి ఆనించి విన్నాను. చక్రం కాదురా. కింద మీ మడిలో కప్ప."

"కప్పా?"

"కప్పే. దాని గొంతు ఎట్లా ఉంటుందో మర్చిపోయాను. ఈ చేత్తోనే ఎక్కించాను కదా ఆ సంచులన్నీ. కప్పలు ఎప్పుడు నోరు మూసుకున్నాయో నేను చూసుకోలేదు. ఆ తడిలో నూనె సీసా పట్టుకుని కూర్చుని తెల్లారేదాకా విన్నాను."

"కప్పలు కూడు పెడతాయా అన్నా?"

"పెట్టవు" అని ఒప్పుకున్నాడు హస్త. "పద, మొక్కలు చూద్దాం."

చక్రానికి గొలుసు వేసి, గుడిసె చూరు కింద ఉన్న పీపాలోంచి రెండు బిందెల కషాయం ముంచాడు. మాచిపత్రి, వేపాకు, ఆవు మూత్రం కలిపి పులియబెట్టింది. కంపు కొడుతుంది. ఊళ్ళో ఎవరికి కావాలన్నా ఆ పీపా దగ్గరికే వస్తారు. ఒక బిందె డంబర్ పట్టుకున్నాడు, రెండోది హస్త. తడిసిన రాతిమెట్ల మీద ఒక చెయ్యి మోకాలికి ఆనించి దిగాడు.

డంబర్ చెప్పింది అబద్ధం కాదు. కొండవాలు మెట్లు మెట్లుగా కిందికి పోతోంది, ప్రతి మెట్టు మీదా నల్లమచ్చలు. ఇద్దరూ పనిలోకి దిగారు. మాడిన ఆకులన్నీ తుంచి బుట్టలో వేశారు. మొదళ్ళలో నిలిచిన నీటికి కాలువ తీశారు. బూడిద జల్లారు. ఆకుల అడుగున తగిలేట్టు కషాయం చిలకరించారు. మంచు మధ్యమధ్యలో విడిపోయి ఎండ ఒక ముక్క పడేది. అది పడినచోటల్లా మిగిలిన పండ్లు ఎర్రగా వెలిగి, మళ్ళీ ఆరిపోయేవి.

"ఎన్ని బతుకుతాయి?" అన్నాడు డంబర్.

"పై మెట్లు బతకచ్చు. కిందవి పోతాయి." హస్త నడుం నిటారు చేసి ఎడమ భుజం రుద్దుకున్నాడు. "ఆ బస్తా వేస్తే మాత్రం కిందవి లేస్తాయని ఎవరు చెప్పారు నీకు? అది వేస్తే లేత ఆకు తన్నుకొస్తుంది, తెగులుకి అదే మరీ ఇష్టం."

డంబర్ మట్టిచేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత వంగి, బాగున్న పండ్లు ఒక్కొక్కటే కోయడం మొదలుపెట్టాడు. కోస్తే ట్రేలో సగం కూడా నిండలేదు.

ఎక్కేటప్పుడు హస్త రెండు చోట్ల కూర్చున్నాడు. రెండోసారి డంబర్ అతని బిందె లాక్కున్నాడు. "నీ వయసేమిటి, నీ మోతలేమిటి" అని విసుక్కున్నాడు.

చక్రం దగ్గర ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు. నిర్జల కూడా వచ్చింది, తడిసిన చెప్పులు చేతిలో పట్టుకుని. డంబర్ తెచ్చిన సగం ట్రే చూసి ఎవరూ నవ్వలేదు. హస్త వెనక మడిలోకి పోయి తన పండ్లు కోసుకొచ్చి అందులో పోశాడు. గోమా ఒక్క క్షణం చూసి, తన బుట్టలోంచి రెండు దోసిళ్ళు తీసింది. తర్వాత పక్కామె. ట్రే నిండింది.

"ఏం డంబర్, నీ టమాటాలు ఎప్పుడూ ఇంత ఎర్రగా లేవే" అంది గోమా.

"నీ నోటికంటే ఎరుపు కాదులే వదినా" అన్నాడు డంబర్.

నిర్జల బస్తా వంక చూసి, "ఇదెవరిది బాబాయ్?" అంది.

హస్త బ్రేకు కర్రకి చుట్టిన గుడ్డ బిగిస్తున్నాడు. డంబరే ముందుకొచ్చి బస్తా భుజానికెత్తి తొట్టిలో వేశాడు.

"నాది. పొరపాటున పైకొచ్చింది" అన్నాడు నిర్జలతో. "ముందు దీన్ని దించు అన్నా. టమాటాలతో కలిపి వద్దు."

నిర్జల బస్తా వంకా అతని మట్టిచేతుల వంకా చూసింది. బస్తా మంచులోకి దిగిపోయింది. కింద నుంచి తాడు మీద గబగబా లెక్కలేనన్ని చిన్నచిన్న దెబ్బలు వచ్చాయి, ఎవరో నవ్వు ఆపుకోలేనట్టు. హస్త తలవంచుకుని తనూ నవ్వుకున్నాడు.

చివరి ట్రేలు ఎక్కించేసరికి పొద్దు వాలింది. ఆడవాళ్ళు పశువులకి గడ్డి వేయాలని వెళ్ళిపోయారు. నిర్జల వాళ్ళ వెనకే వెళ్ళింది. డంబర్ పై మెట్లకి ఇంకో బిందె కొట్టాలని కషాయం పట్టుకుని దిగాడు. హస్త ఒక్కడే బ్రేకు వదిలాడు.

మంచు ఇప్పుడు తెల్లగా లేదు, లోపల ఎక్కడో దీపం పెట్టినట్టు పసుపు రంగులో ఉంది. తొట్టి అందులోకి అడుగుపెట్టి మాయమైంది. తాడు నడిచింది. చెట్ల కొసలు. తర్వాత గాలి. తర్వాత నది మీద చల్లదనం. భుజం నొప్పి మోచేతికి దిగింది, అక్కణ్ణించి ఇంకెటో పోయింది. అతను మెల్లగా, గుడ్డచుట్టిన కర్రని దగ్గరికి లాక్కుంటూ వచ్చాడు, ఇంకొంచెం, ఇంకొంచెం. కింద తొట్టి నేలకి తగిలిన మెత్తని కుదుపు తాడు వెంట వచ్చి అరచేతికి తెలిసింది. కింద నుంచి ఎక్కిన తొట్టి పక్కకి వచ్చి ఆగింది. బ్రేకు బిగించి, స్తంభానికి వీపు ఆనించాడు. కింద మడుల్లో కప్పలు ఒకటొకటిగా మొదలుపెట్టాయి.

సుకుమాయ ట్రేలు లారీలోకి ఎక్కించింది. ఒక్క పండు చితకలేదు. ఇంత మెత్తగా తొట్టి ఎప్పుడూ దిగలేదనుకుంది. అందింది అని రెండు దెబ్బలు కొట్టింది. బదులు రాలేదు. లారీ హారన్ కొట్టి ఖాట్మండూ వైపు తిరిగింది. టమాటాలు వంపు దాటాయి. ఆమె మళ్ళీ కొట్టింది. తాడు మీద చెయ్యి వేసి, తల పైకెత్తి, అలాగే నిలబడింది.

పైన ఖాళీ బిందెతో ఎక్కి వచ్చిన డంబర్, "అన్నా, ఇంకొంచెం ఉందా?" అన్నాడు. స్తంభం దగ్గర హస్త టోపీ జారిపోయి ఉంది. నుదుటి గాడిలో మంచు నీటి చుక్కలు నిలిచాయి. చెయ్యి బ్రేకు మీదే ఉంది. డంబర్ బిందె కింద పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని, వదలకుండా పక్కనే కూర్చుండిపోయాడు. తాడు మీద రెండు దెబ్బలు వచ్చాయి. మళ్ళీ రెండు. వాటికి ఏం బదులు కొట్టాలో అతనికి తెలియలేదు.

పైకొచ్చిన తొట్టిలో, ఒక మూల, సాలచెట్టు ఆకుల్లో చుట్టి నారతో ముడివేసిన చిన్న పొట్లం ఉంది. త్రిశూలి చేపలు, అప్పుడే వేయించినవి. ఆకు సందుల్లోంచి సన్నగా ఆవిరి వస్తూనే ఉంది.