ముందు వరస

సర్కారు బియ్యం గిడ్డంగిలో ముందు వరస కట్టడంలో హమాలీల మేస్త్రీకి చెయ్యి తిరిగినట్టు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తిరగలేదు. తనిఖీ కబురు రాగానే మంచి బియ్యం ఉన్న బస్తాలు ఏరించి, తలుపుకు ఎదురుగా రెండు నిలువుల ఎత్తు గోడ పేర్పించేవాడు. మూతులన్నీ ఒకే వైపు ఉండేవి, అంచులు దారం పట్టి గీసినట్టుండేవి. వచ్చిన దొరగారు ఛాతీ ఎత్తులో ఉన్న నాలుగు బస్తాల్లో ఇనుప గొట్టం గుచ్చి, జారిన గింజలు అరచేతిలో పోసుకుని, "భేష్" అని సంతకం పెట్టి వెళ్ళిపోయేవారు. తొమ్మిదేళ్ళలో ఆ గోడ వెనకకు తొంగిచూసిన మహానుభావుడు ఒక్కడు లేడు. వాళ్ళకేం అవసరం? ఆ బియ్యం వండుకు తినేది వాళ్ళు కాదు కదా!

వెనక ఏముందో నేను చెబుతాను, ముక్కు మూసుకుని వినండి. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా హమాలీలు తలుపు దగ్గరే దించేవారు. బయటికి పంపేటప్పుడూ తలుపు దగ్గరివే ఎత్తేవారు. విరిగేవి వాళ్ళ నడుములు కాబట్టి వాళ్ళను అనడానికి నాకు నోరు రాదు. పాత సరుకు ముందు వెళ్ళాలన్న నియమం అద్దాల చట్రంలో గోడకు వేలాడుతూనే ఉంది. దాన్ని అమలు చేయవలసిన అధికారి కుర్చీ సరిగ్గా దాని కిందే ఉంది. ఆయనకు పైవాళ్ళు మార్కులు వేసేది నెలాఖరుకు ఎన్ని బస్తాలు నిలవ ఉన్నాయని చూసి. పాడైన బస్తా కూడా వాళ్ళకు బస్తాయే! అలా వెనక వరసలు మూడేళ్ళపాటు చెమ్మ తాగి, ముక్కిపోయి, గడ్డలు కట్టి, పురుగులకు కాపురాలయ్యాయి. చోటు చాలనప్పుడు మాత్రం వాటిని లారీకెక్కించి బడులకు తోలేవారు.

"పిల్లలు అర్జీలు రాయరు లేవయ్యా" అనేవాడు అధికారి. మేస్త్రీ నవ్వేవాడు. నవ్వేవాడని రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

ఒకరోజు పొద్దున్నే మేస్త్రీ చెల్లెలు గేటు తోసుకుని లోపలికి వచ్చింది. ఆమె రెండు వీధుల అవతల ఉన్న బడిలో వంటమనిషి. ముందురోజు మధ్యాహ్నం ఆమె వండిన అన్నం తిని నలభై మంది పిల్లలు వాంతులు చేసుకున్నారు. ఇద్దరికి ఇంకా సెలైన్ ఎక్కుతోంది.

"అన్నయ్యా, నా మీద రాసేశారు. బియ్యం సరిగ్గా కడగలేదట. పనిలోంచి తీసేసి కేసు కూడా పెడతారట."

"గట్టిగా అరవకే, లోపల సారున్నారు."

"ఉండనీ! ఆయన వినాలనే అరుస్తున్నా. ఏడుసార్లు కడిగాను. నీళ్ళు నల్లగానే వచ్చాయి. పారబోస్తానంటే, వేరే బియ్యం ఎక్కడివి, పిల్లల్ని పస్తు పెడతావా అని హెడ్మాస్టరు నా మీద లేచాడు. ఆ బస్తాలు ఇక్కడివే కదా?"

"నేను కూలివాణ్ణి. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను. నాకేం తెలుసు?"

"నీకు తెలీదూ! ఇంటికొచ్చి గొప్పలు పోయిందెవరు? నేను కట్టిన గోడ చూసి సార్లంతా మురిసిపోయారని మా ఆయనకి కథలు కథలుగా చెప్పలేదూ? గోడెందుకు కడుతున్నావో నీకు తెలీకుండానే కట్టావా?"

ఈలోగా అధికారి టీ గ్లాసుతో బయటికొచ్చాడు. నలభై మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారన్న సంగతి ఆయన గారికి తెలుసు. అయినా టీ చల్లారకుండా ఊదుకుని తాగుతున్నాడు చూడండి!

"ఏమ్మా, వంట చేతకాక పిల్లల ప్రాణాల మీదికి తెచ్చింది చాలక ఇక్కడికొచ్చి రంకెలా? రేపు కమిటీ వస్తోంది, వాళ్ళే తేలుస్తారు పో" అని, మేస్త్రీ వైపు తిరిగాడు. "సాయంత్రానికల్లా ముందు వరస లేవాలి. తేడా వచ్చిందో, నువ్వూ నీ ఇరవై మందీ గేటు బయటే. తర్వాత నా కాళ్ళు పట్టుకున్నా లాభం లేదు."

చెల్లెలు అన్న మొహంలోకి చూసింది. అతను తలెత్తలేదు.

"సరేలే. నీకు చెల్లెలెందుకు అన్నయ్యా, ఆ బస్తాలే నీ తోబుట్టువులు" అనేసి వెళ్ళిపోయింది.

కట్టాడా అంటే, కట్టాడండీ. సాయంత్రం లోపలే కట్టాడు. ఇరవై ఇళ్ళ పొయ్యిలు తన మాట మీద వెలుగుతున్నాయని మనసుకు సర్దిచెప్పుకుంటూ కట్టాడు. ఎప్పుడూ లేనిది ఒక మూల వంకర వచ్చింది. విప్పి మళ్ళీ కట్టించాడు. హమాలీలు విసుక్కున్నారు.

మర్నాడు కమిటీ వచ్చింది. అధ్యక్షురాలు పేరున్న డాక్టరు, పెద్దావిడ, మంచి మనిషని పదిమందీ చెప్పుకునే మనిషి. ఆవిడా ఛాతీ ఎత్తులోనే నాలుగు బస్తాలు గుచ్చి చూసింది. గింజలు తెల్లగా ఉన్నాయి. బల్ల దగ్గర కూర్చుని, "సరుకులో లోపం లేదు. తప్పు వంటమనిషిదే" అని పైకి చదువుతూ రాసింది. ముద్దాయిలా తలుపు పక్కన నిలబెట్టిన వంటమనిషి వైపు చూసి, "చెప్పుకునేదేమైనా ఉందా?" అని అడిగింది.

"ఒక్కసారి వెనక చూడండమ్మా."

"నిచ్చెన విరిగిందండీ, ఎక్కడం ప్రమాదం" అన్నాడు అధికారి, నిమ్మకు నీరెత్తినట్టు.

"ఇంకా రెండు చోట్లకి వెళ్ళాలి" అంటూ డాక్టరమ్మ వాచీ చూసుకుని, సంతకానికి కలం ఎత్తింది.

చెల్లెలు ఏడవలేదు. ఇంక ఈ మనుషులతో మాటలెందుకన్నట్టు కళ్ళు మూసుకుంది. అది చూసి మేస్త్రీ గోడ దగ్గరికి నడిచాడు.

"అమ్మగారూ, కాస్త అవతలికి జరగండి" అన్నాడు. కట్టినవాడికి ఆ గోడ ఏ బస్తా మీద నిలబడిందో తెలియదా! కింద మూల బస్తాకు ఇనుప కొక్కెం తగిలించి, కాలు తన్నిపెట్టి లాగి పక్కకు దూకాడు. గోడంతా దభీమని ముందుకు కూలింది. దుమ్ము అణిగాక వెనక వరసలు బయటపడ్డాయి. నల్లబడి, బూజుపట్టి, పిగిలిపోయిన బస్తాలు. కంపుకు కమిటీవాళ్ళు కొంగులూ రుమాళ్ళూ అడ్డం పెట్టుకున్నారు. పురుగులు బారులు తీరి డాక్టరమ్మ చెప్పుల మీదికి పాకాయి.

"నీకేమైనా మతిపోయిందట్రా!" అధికారి గొంతు కీచుమంది.

"ఈ గోడ నేనే కట్టానండీ. తొమ్మిదేళ్ళుగా నేనే కడుతున్నాను" అన్నాడు మేస్త్రీ. "కేసు పెడితే నా మీద పెట్టండి, మా చెల్లి మీద కాదు. కట్టమన్నది ఈ సారు. ఆయన పేరు కూడా మర్చిపోకుండా రాయండి."

వెనక నుంచి హమాలీ ఒకడు, "మా పొట్ట కొట్టావు కదరా మేస్త్రీ!" అన్నాడు.

డాక్టరమ్మ తాను రాసిన కాగితం చింపేసింది. "నా తప్పూ ఉందమ్మా. నాలుగు గుప్పిళ్ళు చూసి నీ బతుకు మీద సంతకం పెట్టబోయాను" అంది.

"చింపితే సరిపోయిందా?" చెల్లెలు కస్సుమంది. "పిల్లలకి సెలైన్ తీసేస్తారా? రేపు ఇంకో సారొస్తాడు, ఇంకో గోడ కట్టిస్తాడు. వండేవాళ్ళం, పిల్లల తల్లులం, మేమొచ్చి చూస్తాం. ఏ బస్తా అయినా, ఏ మూలదైనా విప్పించి చూస్తాం. పాతది ముందు పంపారో లేదో మేం చెబుతాం. అలాగని ఇప్పుడే రాసి సంతకం పెట్టండి, అప్పుడు నమ్ముతాను."

ఆవిడ రాసింది. చెల్లెలు అక్షరం అక్షరం చదువుకుని, కాగితం మడిచి, అన్న వైపు చూడకుండానే ఆసుపత్రికి బయల్దేరింది.

అయ్యా, పాలకులారా! గిడ్డంగి నిండుగా ఉందని మీరు వేసుకునే మార్కులతో ఏ పిల్లవాడి కడుపూ నిండదు. తినేవాళ్ళు ఎప్పుడంటే అప్పుడు తలుపు తీయించి చూసుకునే హక్కు వాళ్ళకు ఇచ్చేదాకా, ఆహార భద్రత అన్న మాట మీ నోటి వెంట రానివ్వకండి.