ఎరల బకెట్

మా బీచిలో ఒక ఆచారం ఉంది. కొత్తగా వచ్చినవాడు తన మొదటి చేపను ఒడ్డుకి లాగేదాకా అందరి ఎరల బకెట్ మొయ్యాలి. రొయ్యపొట్టు, కుళ్ళిన చేపముక్కలు, ఇసుకపురుగులు అన్నీ అందులోనే. ఒక్కరోజు మోస్తే ఆ వాసన సబ్బుకి లొంగదు. మామూలుగా రెండు మూడు ఆదివారాల్లో చేప పడుతుంది, బకెట్ దిగుతుంది. మా తోడల్లుడు దాన్ని రెండేళ్ళు మోశాడు. మోయించింది నేను.

నేను మంచివాణ్ణని ఎవరూ అనరు, మా ఆవిడతో సహా. కోట్లు కుట్టే దర్జీని. పదేళ్ళపాటు ఆ ఇంటికి ఏకైక అల్లుణ్ణి నేనే. ఆదివారం తెల్లవారగానే మామగారి పక్కన గేలం రాడ్డు పట్టుకుని నిలబడే హక్కు నాదే. తర్వాత మా మరదలు ఈ లిఫ్టు మెకానిక్కుని చేసుకుంది. మొదటిరోజే మామగారు వాడి భుజాలు తడిమి, "చిన్నల్లుడు రాడ్డు పట్టడానికే పుట్టాడు" అన్నారు. నాకు కడుపు మండింది. ఆ మంట ఆరలేదు. ఆర్పాలని నేనూ అనుకోలేదు.

"అన్నయ్యగారూ, మీరే నేర్పాలి" అన్నాడు వాడు.

నేర్పాను. ముడి బిగించేముందు ఉమ్ముతో తడపాలి, లేకపోతే రాపిడికి దారం దెబ్బతింటుంది. విసిరేముందు వెనక ఎవరున్నారో చూసుకోవాలి. దారం చేతికి చుట్టుకోకూడదు, వేళ్ళు తెగుతాయి. పక్కవాడికి చేప పడితే మన దారం వెనక్కి చుట్టేసుకుని దారివ్వాలి. దారాలు పెనవేసుకుంటే అడ్డం వచ్చినవాడే తనది కోసుకోవాలి. అలల మధ్య ఒక్కచోట నురుగు లేకుండా నీళ్ళు నున్నగా ఉంటే అక్కడ కాలు పెట్టకూడదు, లోపలికి లాక్కుపోతాయి. అడగనిదే ఎవరికీ ఏ సాయమూ చెయ్యకూడదు, సలహా కూడా.

అన్నీ నిజాలే. ఒక్కటి మాత్రం దాచాను. ఒడ్డుకీ నీళ్ళలో ఉండే మొదటి ఇసుకదిబ్బకీ మధ్య ఒక పల్లం ఉంటుంది. అలలు పెళ్ళగించిన పురుగులూ పీతలూ అందులోకి చేరతాయి. వాటికోసం చేపలు అక్కడికే వస్తాయి, మహా అయితే ఇరవై గజాల దూరం. వాడితో మాత్రం, "దూరం విసరాలి తమ్ముడూ, పెద్ద చేపలన్నీ లోపలే ఉంటాయి" అన్నాను.

పాపం, నమ్మాడు. సాయంత్రాలు ఖాళీ మైదానంలో సీసం గుండు కట్టి సాధన చేశాడు. ఏడాది తిరిగేసరికి నూట ఇరవై గజాలు విసిరేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. మోకాలి లోతుకి దిగి, చేపల మధ్య నిలబడి, చేపలు లేనిచోటికి విసిరేవాడు మహానుభావుడు. మాతోపాటు చేపలు పట్టే మిగతా నలుగురికీ సంగతి తెలుసు. అడగనిదే చెప్పకూడదు కదా, వాడు అడిగేది నన్నే. మామగారికీ తెలుసు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ!" అని పొట్ట పట్టుకుని నవ్వేవారు.

"ఇంట్లో మీ మరదలు నా బట్టలు విడిగా ఉతుకుతోంది అన్నయ్యగారూ" అన్నాడొకసారి, బకెట్ కడుగుతూ. "మామగారి కళ్ళముందు ఒక్క చేప లాగితే చాలు. నన్నూ మనిషి కింద లెక్కేస్తారు."

"ఇంకో పది గజాలు పెంచు" అన్నాను.

ఆ ఆదివారం ఎదురుగాలి. వాడు విసిరిన గుండు గాలికి తేలిపోయి ఇరవై గజాల దగ్గరే పడింది. వెనక్కి చుట్టేలోపే రాడ్డు విల్లులా వంగింది. అందరూ గబగబా తమ దారాలు చుట్టేసుకున్నారు. నాది మాత్రం నీళ్ళలోనే ఉంచాను. మర్చిపోయి కాదు. చేప అడ్డంగా పరిగెత్తింది, రెండు దారాలూ పెనవేసుకున్నాయి, వాడిది పుటుక్కున తెగింది.

వాడు తెగిన కొసని చూశాడు. ఇరవై గజాల దూరంలో నీళ్ళని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. రెండేళ్ళూ ఒక్కసారిగా వాడి మొహంలో కనిపించాయి.

లెక్కప్రకారం నా దారం నేను కోసుకోవాలి. కోసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే. అందుకని చిక్కు విడదీస్తానంటూ నీళ్ళలోకి దిగాను. పంతంలో నున్నటి నీళ్ళు కూడా కనబడలేదు. నడుము లోతు, ఛాతీ లోతు, తర్వాత కాళ్ళకింద ఇసుక లేదు.

నాకు ఈత వచ్చీరానట్టు వచ్చు. నలభై గజాలు, అరవై, ఎనభై. ప్రాణం పోతున్నా దర్జీ కన్ను కొలుస్తూనే ఉంది. ఒడ్డున అందరూ చేతులూపుతున్నారు, ఎవడూ దిగలేదు. అంతదూరం దారం విసరగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు.

వాడు ఇసుకలో కూర్చున్నాడు. కొత్త కొక్కెం కట్టలేదు. పెద్ద గుండు తీసి కట్టాడు. ముడిని నోట్లో పెట్టుకుని తడిపాడు, నెమ్మదిగా బిగించాడు. లేచి, వెనక ఎవరైనా ఉన్నారేమో చూసుకున్నాడు. అన్నీ నేను నేర్పినవే. అప్పుడు రాడ్డు దించి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు.

"అన్నయ్యగారూ! ఏమైనా కావాలా? అడగనిదే సాయం చెయ్యకూడదన్నారు కదా!"

"తమ్ముడూ!" అన్నాను. నోట్లోకి అల వచ్చింది.

"వినబడట్లేదు!"

"కాపాడరా! నీ కాళ్ళు పట్టుకుంటాను!"

మామగారు వాడి పక్కనే ఉన్నారు. తొందరపెట్టలేదు.

అప్పుడు విసిరాడు. గుండు నా తల మీదుగా వెళ్ళి అవతల పడింది, దారం భుజం మీదికి వాలింది. అలాంటి విసురు నేను జన్మలో చూడలేదు. దారాన్ని కుడిచేతికి చుట్టుకున్నాను. చుట్టుకోకూడదని చెప్పినవాణ్ణి నేనే. వాడు ఒడ్డువెంట పక్కకి నడుస్తూ, అల వచ్చినప్పుడు లాగుతూ, వెళ్ళేటప్పుడు వదులుతూ, చేపని లాగినట్టే లాగాడు. లాగినప్పుడల్లా దారం వేళ్ళలోకి దిగింది. "ఆపు" అని అరిచాను. ఆపితే మునిగిపోతాను, ఆ మాట నిజమే. కానీ వాడు నవ్వనక్కర్లేదు కదా.

ఒడ్డున వెల్లకిలా పడ్డాను. రెండు వేళ్ళకి ఎముక కనబడుతోంది. మామగారు వంగి, నా తలనుంచి కాళ్ళదాకా జానలతో కొలిచారు, చేపల్ని కొలిచినట్టే.

"కొలత సరిపోయింది చిన్నల్లుడూ. కూరకే పనికిరాదు" అన్నారు.

అందరూ నవ్వారు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ నవ్వేవాణ్ణి, రెండేళ్ళుగా నవ్వుతున్నాను కదా.

వాడు బకెట్ తెచ్చి నా తలదగ్గర పెట్టాడు. "నా మొదటి చేప పడింది. ఇక దీన్ని నువ్వు మొయ్యి" అన్నాడు. నన్ను నువ్వు అనడం అదే మొదలు.

ఆ రెండు వేళ్ళూ ఇప్పుడు వంగవు. కత్తెర పట్టలేను, కొట్లో బట్ట కత్తిరించేది నా దగ్గర పని నేర్చుకున్నవాడు. ఆదివారాలు మాత్రం మానలేదు. మానితే మామగారి దగ్గర ఆ కాస్త చోటు కూడా పోతుంది. ఆయన పక్కన చిన్నల్లుడు నిలబడి ఇరవై గజాల దగ్గర విసురుతాడు, పెద్ద పెద్ద చేపలు లాగుతాడు. నేను మళ్ళీ ఒక్క చేప లాగితే బకెట్ దించుతామన్నారు. ఈ చేత్తో రాడ్డు పట్టలేను. బకెట్ ఎడమచేత్తో మోస్తున్నాను.